'వీల్' అను మాట పుట్టుపూర్వోత్తరములు

మన వీధులలో నిత్యము వినబడు నాలుగు మాటలను ముందుగా శ్రోతల యెదుట ఉంచుచున్నాము. మొదటిది చక్రము. ఇది సంస్కృతమునుండి తెలుగునకు వచ్చిన తత్సమము. రెండవది సైకిలు. ఇది ఇంగ్లీషువారి ద్వారా వచ్చినది. మూడవది చరఖా. ఇది పారసీకమునుండి హిందూస్థానీ మీదుగా వచ్చి, స్వాతంత్ర్యోద్యమకాలములో మన పల్లెలకు పరిచయమైనది. నాల్గవది ఇంగ్లీషు మాటయైన వీల్. మోటారు నడుపువాని చేతిలోని స్టీరింగు వీల్, రెండు చక్రముల బండికి మనవారు వాడు టూవీలర్ అను పేరు అందరికిని తెలిసినవే. ఈ మాటలు నాలుగు దారుల వెంట మన యొద్దకు వచ్చినవి. వీల్ అను దానికిని చక్రము అను దానికిని వినుటకు ఒక్క అక్షరమైనను కలియదు. అయినను పుట్టుకచేత ఇవి నాలుగును ఒకే మాట. 'సైకిలు చక్రము' అని మనము అన్నప్పుడు ఒకే మాటను రెండు వేషములతో పలుకుచున్నాము.

ఇట్లు చెప్పుటకు ఆధారమేమి? వినినంతనే నమ్మదగిన సంగతి కాదు గనుక ఆధారము అడుగుట న్యాయము. ఆ ఆధారమును దశలవారీగా చూపుటయే నేటి ప్రసంగములో మా ఉద్దేశము.

మాటల పుట్టుకను వెదకుట మన దేశమున క్రొత్త విద్య కాదు. యాస్కుని నిరుక్తము వేదపదములకు వ్యుత్పత్తి చెప్పుటకే వెలసినది. అయితే ఒక భాషలోని మాటకు ఆ భాషలోనే ధాతువును చూపుట వేరు. రెండు భాషల మాటలకు చుట్టరికము నిర్ణయించుట వేరు. ఈ రెండవ పనిలో ఎవరైనను మొదట పట్టుకొను ఆధారము వినికిడిలోని పోలిక. ఇంతకంటె మోసపుచ్చు ఆధారము మరియొకటి లేదు.

ఒక ఉదాహరణము చూతము. నేటి గ్రీకు భాషలో నీటిని 'నెరో' అందురు. మన 'నీరు' అను మాటతో ఇది ఎంత చక్కగా కలియుచున్నది! తెలుగువాడు ఏథెన్సు నగరమునకు పోయి దాహమడిగినచో మన మాటయే అక్కడను ఉన్నదని పొంగిపోవుట సహజము. కాని ప్రాచీన గ్రీకులు నీటిని 'హుదోర్' అనెడివారు. తాజా నీటిని 'నెఆరోన్ హుదోర్' అనిరి. నెఆరోన్ అనగా క్రొత్తది అని అర్థము. కాలక్రమమున నీటిని చెప్పు అసలు మాట జారిపోయి, క్రొత్తది అను విశేషణమే అరిగి 'నెరో'గా మిగిలినది. మన నీరు అను మాటయో, తమిళ కన్నడములలోని 'నీర్' అను దానికి తోబుట్టువు. గ్రీకు మాటకును దీనికిని ఏ సంబంధమును లేదు.

మరియొక ఉదాహరణము. ఇంగ్లీషులో 'హావ్' అనగా కలిగియుండుట. లాటినులో 'హబేరె' అనగాను కలిగియుండుటయే. ధ్వనియు కలిసినది, అర్థమును కలిసినది, రెండు భాషలును ఒకే కుటుంబములోనివి. అయినను ఈ రెండును చుట్టములు కావు. ఇంగ్లీషు మాటల మొదట ఉండు హకారమునకు లాటినులో సరియైన అక్షరము కకారము. కావున హావ్ అను మాటకు లాటినులోని అసలు చుట్టము 'పట్టుకొను' అని అర్థమిచ్చు 'కాపెరె'. పోలిక లేనిది చుట్టమైనది; పోలిక ఉన్నది పరాయిదైనది. ఈ విద్యలో మొదట నేర్వవలసిన పాఠము ఇదియే.

పోలిక పనికిరానిచో పనికివచ్చునది ఏది? నియమము. 1786వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు ఉపన్యసించుచు, సంస్కృత గ్రీకు లాటిను భాషలు బహుశః నశించిపోయిన ఒకానొక మూలభాషనుండి పుట్టియుండునని చెప్పెను. అది గొప్ప ఊహ. ఊహను శాస్త్రముగా మార్చినవారు తరువాతి తరమువారు. 1818లో డెన్మార్కు పండితుడు రాస్ముస్ రాస్కు, 1822లో జర్మను పండితుడు యాకోబ్ గ్రిమ్ము ఈ భాషలలోని హల్లుల మార్పులను వరుసగా పోల్చి చూపిరి. సంస్కృత లాటినులలో పకారమున్నచోట ఇంగ్లీషు, జర్మను మొదలగు జెర్మానిక్ భాషలలో ఫకారము, తకారమున్నచోట థకారము, కకారమున్నచోట హకారము. సంస్కృతమున పితృ, లాటినున పాతెర్, ఇంగ్లీషున ఫాదర్. సంస్కృతమున త్రి, లాటినున త్రేస్, ఇంగ్లీషున త్రీ. ఇట్టి జతలు ఒకటి రెండు కావు, ఎన్నియో కలవు. మార్పు అన్నిటిలోను ఒకే తీరున నడచినది. కావుననే అది నియమమైనది.

ఇక మన మాటను పట్టుకొని వెనుకకు నడతము. నేటి ఇంగ్లీషులోని వీల్ అను మాటను వ్రాయునపుడు వకారమును తెలుపు అక్షరము తరువాత హకారమును తెలుపు అక్షరమొకటి వ్రాయుదురు. చాలమంది ఆ హకారమును పలుకరు. స్కాట్లండు, ఐర్లండు దేశములలో పలుకువారు కలరు. పలుకని అక్షరమును వ్రాయుటేల? ఒకప్పుడు అది పలికినది గనుకనే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వమున్న ప్రాచీనాంగ్లములో ఈ మాట 'హ్వెఓల్'. అప్పటి లేఖకులు హకారమునే ముందు వ్రాసెడివారు. ఆ మాటకే 'హ్వెఓహ్ల్', 'హ్వెఓగోల్' అను రూపాంతరములును ఆనాటి వ్రాతప్రతులలో కానవచ్చుచున్నవి. ఈ రూపాంతరములను శ్రోతలు గుర్తుంచుకొనగోరుదుము. వీనితో మనకు ముందు పని కలదు.

ప్రాచీనాంగ్లములోని 'హ్వ' అను జంటధ్వని ఎక్కడనుండి వచ్చినది? ఇంగ్లీషులో ఏమి అను అర్థముగల 'వాట్' అను మాట ఆ కాలమున 'హ్వెట్'. దానికి సరియైన లాటిను మాట 'క్వోద్'. వేదభాషలో 'కద్'. కావున ఇంగ్లీషు 'హ్వ'కు లాటినులో 'క్వ', సంస్కృతమున 'క' సరి. మూలభాషలో ఇది పెదవులు గుండ్రపరచి పలుకు ఒక విధమైన కకారము. ఈ నియమము ననుసరించి హ్వెఓహ్ల్ అను రూపములోని రెండు హకారములను వెనుకకు మార్చినచో 'క్వెక్వ్ల' అను రూపము లభించును. చివర ప్రథమావిభక్తి ప్రత్యయము చేర్చి దానిని భాషావేత్తలు 'క్వెక్వ్లొస్' అని నిర్ణయించిరి. ఇట్టి రూపమును వ్రాయునపుడు ముందు ఒక చుక్కగుర్తు పెట్టుట సంప్రదాయము. ఈ రూపము ఏ శాసనమునను కానరాదు, ఏ గ్రంథమునను లేదు, పిల్లల రూపములనుబట్టి తల్లి రూపమును కట్టితిమి అని ఆ చుక్క చెప్పుచున్నది.

రూపాంతరములను గూర్చి చెప్పెదమంటిమి. హ్వెఓహ్ల్ అను దానిలో నడుమ హకారమున్నది. హ్వెఓగోల్ అను దానిలో నడుమ గకారమున్నది. హ్వెఓల్ అను దానిలో అదియు పోయినది. నియమము నిజమైనచో ఒకే మాటకు ఈ భేదము రానేల? గ్రిమ్ము కాలమువారు ఇట్టివానిని మినహాయింపులని విడిచిరి. 1875లో డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నరు ఈ చిక్కును విప్పెను. దానికి తాళపుచెవి దొరకినది మన వేదములోనే. వేదపాఠమున ప్రతి మాటకును స్వరమున్నది. పితృశబ్దమున ఉదాత్తము రెండవ అచ్చుమీద, భ్రాతృశబ్దమున మొదటి అచ్చుమీద ఉండును. ప్రాచీనాంగ్లమున తండ్రి 'ఫెడెర్', అన్నదమ్ముడు 'బ్రోథోర్'. స్వరము ముందున్నచోట హల్లు పరుషముగా నిలిచినది, వెనుకనున్నచోట సరళమైనది. జెర్మానిక్ భాషలు ఆ ప్రాచీనస్వరమును పోగొట్టుకొనినను, దాని ముద్ర వాని హల్లులమీద మిగిలినది. వేదమున చక్రశబ్దమునకు ఉదాత్తము చివర. గ్రీకున దీని తోబుట్టువైన 'కుక్లొస్' అను మాటకు స్వరము మొదట. ఈ రెండు స్వరములకును సరిపోవునట్లు ప్రాచీనాంగ్లమున రెండు తీరుల రూపములు నిలిచినవి. అధ్యాపకుని యెదుట కూర్చుండి తరతరములుగా స్వరము తప్పకుండ వల్లించిన వేదపాఠకుల శ్రమ, వారెన్నడును వినని సముద్రాంతర భాషలోని చిక్కును విప్పుటకు పనికివచ్చినది.

గ్రీకు శాఖనుగూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూలభాషలోని ఆ గుండ్రని కకారము గ్రీకున ఇరుగుపొరుగు అచ్చులనుబట్టి ఒకచోట పకారముగను, ఒకచోట తకారముగను, ఉకారము దగ్గర కకారముగను మారినది. మన మాటలో అది కకారమే అయినది. హోమరు ఇలియడు కావ్యమున రథచక్రములకు ఈ మాటయే వాడినాడు. తరువాత గుండ్రని దానికెల్ల అది పేరైనది. లాటినువారు గ్రీకులనుండి దానిని 'కుక్లుస్' అని ఎరువు తెచ్చుకొనిరి. అది ఫ్రెంచిలోను ఇంగ్లీషులోను 'సైకిల్' అను రూపమున ఆవృత్తము, యుగచక్రము అను అర్థములతో పండితుల గ్రంథములలో నిలిచెను. 1860 తరువాత రెండు చక్రముల వాహనము ప్రచారమునకు రాగా దానికి బైసికిల్ అను పేరు పెట్టిరి. అట్లు పుస్తకములోని మాట వీధికి వచ్చినది. ఇంగ్లీషువారికి తాతలనాటి ఆస్తిగా వచ్చినది వీల్. గ్రీకుల యింటనుండి అరువు వచ్చినది సైకిల్. ఒకే భాషలో ఒకే మాట, ఒకటి వారసత్వముచేతను మరియొకటి అరువుచేతను నిలిచినవి.

ఇక చక్రశబ్దము. ఈ మాటలో ఒక చిక్కు కలదు. మూలరూపమున రెండు కకారములున్నవి. సంస్కృతమున రెండవది కకారముగనే నిలిచినది, మొదటిది చకారమైనది. లకారము రేఫమగుట వేదభాషకు సహజము గనుక దానిని గూర్చి సందేహము లేదు. కాని కకారము చకారమేల అయినది? సంస్కృతము చదువుకొన్నవారందరును ఇట్టి మార్పును ఎరుగుదురు. కృధాతువునకు పరోక్షభూతమున 'చకార'. గమ్ ధాతువునకు 'జగామ'. అభ్యాసములోని కవర్గమునకు చవర్గము వచ్చునని పాణిని ఏడవ అధ్యాయమున సూత్రించినాడు. జరుగు సంగతిని ఆయన లోపము లేకుండ చెప్పినాడు. ఎందులకు జరిగినదో తెలియుటకు సంస్కృతమును దాని తోబుట్టువులతో కలిపి చూడవలసియుండెను.

1870 తరువాతి పదేండ్లలో పెక్కుమంది పండితులు దాదాపు ఏకకాలమున ఆ కారణమును కనుగొనిరి. సంస్కృతమున పంచ అన్నచోట గ్రీకున 'పెంతె', లాటినున 'క్వింక్వె'. సంస్కృతమున సముచ్చయార్థకమైన 'చ' అన్నచోట గ్రీకున 'తె', లాటినున 'క్వె'. సంస్కృతమున చకారము వచ్చినచోట తోబుట్టువు భాషలలో ఆ హల్లు తరువాత ఎకారము కనబడుచున్నది. 'కః' అని కకారము నిలిచినచోట మూలమున ఒకారమున్నది. అనగా సంస్కృతమునకు పూర్వదశలో హ్రస్వమైన ఎకారము ఉండెను. దానిని పలుకుటకై నాలుక ముందునకు జరుగగా దాని ముందున్న కకారము చకారమైనది. తరువాత హ్రస్వములగు ఎకారమును ఒకారమును అకారమున కలిసిపోయినవి. కారణము చెరగిపోయినది, కార్యము మిగిలినది. చక్రశబ్దమున మొదటి హల్లు ఆ పోయిన ఎకారమునకు సాక్షి. రెండవ కకారము తరువాత అచ్చు లేదు, లకారమున్నది. కనుక అది మారలేదు.

దీనినుండి తేలిన ఫలితము చిన్నది కాదు. అంతకు పూర్వము సంస్కృతముననే మూలభాష అచ్చులు చెడక నిలిచినవని పెక్కుమంది నమ్మిరి. ఈ నియమము తెలిసిన పిదప సంస్కృతము గ్రీకు లాటినులకు తల్లి కాదని, ఒక్క తల్లికి పుట్టిన పిల్లలలో ఒకటియని నిశ్చయమైనది. ఒక విషయమున ఒక బిడ్డ పాత సొమ్మును కాపాడినది. మరియొక విషయమున మరియొకటి. స్వరమును వేదభాష కాపాడినది. ఎ, ఒ అను అచ్చులను గ్రీకు కాపాడినది. ఇంగ్లీషు మాటలకెల్ల సంస్కృతమే తల్లియని నేటికిని చెప్పువారు కలరు. వారి అభిమానము మంచిదే. కాని చక్రశబ్దములోని చకారమే వారి మాటను ఒప్పుకొనదు.

కకారము చకారమగుట ఎక్కడనో జరిగిన వింత అని శ్రోతలు తలపవలదు. మన తెలుగునను జరిగినది. కన్నడ సీమను ఆనుకొనియున్న అనంతపురము, కర్నూలు, మహబూబునగరము ప్రాంతములవారు దీనిని ప్రతిదినము చెవులార వినుచున్నారు. కన్నడమున 'కివి', తెలుగున చెవి. కన్నడమున 'కెరె', తెలుగున చెరువు. కన్నడమున 'కెడు', తెలుగున చెడు. కన్నడమున 'కిరు', తెలుగున చిరు. ఇ, ఎ అను అచ్చుల ముందు కన్నడము కకారమును నిలుపుకొనగా తెలుగు దానిని చకారము చేసినది. తక్కిన అచ్చుల ముందు రెండును కకారమునే నిలిపినవి. కన్నడమున కణ్ణు, తెలుగున కన్ను. కాలు రెంటను కాలే. కన్నడమున కోళి, తెలుగున కోడి. నేడు మనము పలుకు 'కింద' అను మాటలో ఇకారము ముందు కకారమున్నది గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. దాని పూర్వరూపము 'క్రింద'. కకారమునకును ఇకారమునకును నడుమ రేఫము అడ్డుపడినది. చక్రశబ్దమున రెండవ కకారమును కాపాడినదియు ఇట్టి అడ్డే. సంస్కృత ద్రావిడములు వేరు కుటుంబములు. మార్పు జరిగిన కాలములును వేరు. అయినను మనుష్యుని నాలుక ఒకటియే గనుక నియమమును ఒకటియే అయినది.

చరఖా కథ సంస్కృతమునకు తోబుట్టువైన ఇరాను శాఖకు చెందినది. పారసీకుల ప్రాచీన ధర్మగ్రంథమగు అవెస్తాలో చక్రము 'చఖ్ర'. తరువాతి పారసీకమున ఖకార రేఫములు స్థానములు మార్చుకొనగా 'చర్ఖ్' అయినది. చక్రమునకును, తిరుగు ఆకాశమునకును అదియే పేరు. దానినుండి నూలు వడుకు యంత్రమునకు చరఖా అను పేరు వచ్చి హిందూస్థానీలో నిలిచినది. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము దేశమున 20 లక్షల చరఖాలు నడువవలెనని తీర్మానించినది. ఆ సమయముననే పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జాతీయపతాక నమూనాను అందించిరి. చరఖా ఆ పతాకమునకు చిహ్నమైనది. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ జాతీయపతాకమును నిర్ణయించినపుడు చరఖాకు మారుగా 24 ఆకుల అశోకచక్రము వచ్చినది. చిహ్నము మారినది. మాటల వంశమును వెదకువానికి మాత్రము మారినదేమియు లేదు. పారసీక రూపము పోయి సంస్కృత రూపము వచ్చినది.

ఈ మూలపదమునకు అర్థమేమి? 'క్వెల్' అనునది మూలభాషలో తిరుగు, సంచరించు అను అర్థముగల ధాతువు. అదియే సంస్కృతమున చర్ ధాతువైనది. చరించుట, చర్య, చరిత్ర, ఆచారము అన్నియు దాని సంతతి. గ్రీకున 'పొలొస్' అనగా తిరుగుడునకు ఆధారమైన ఇరుసు. భూమి ధ్రువములకు ఇంగ్లీషువారు వాడు 'పోల్' అను మాట దానినుండి వచ్చినది. లాటినున 'కొలెరె' అనగా ఒకచోట మసలుట, ఆ నేలను సాగుచేయుట. కల్చర్, కాలనీ అను మాటలు దాని పిల్లలు. కావున మనము ఆచారమనునదియు, వారు కల్చర్ అనునదియు ఒక్క ధాతువు కొమ్మలే. లిథువేనియా భాషలో ఈ క్వెక్వ్లొస్ అను మాటయే 'కాక్లస్' అను రూపమున మెడకు పేరైనది. తల తిరుగుట మెడమీదనే గదా!

ధాతువును రెండుమారులు చెప్పి మూలపదమును కట్టిరి. ఆగక తిరుగునది అని చెప్పుటకు ఇట్టి ద్విరుక్తి తగినది. మనమును గిరగిర తిరిగినదని అందుము. హీబ్రూ భాషలో చక్రము 'గల్గల్'. అదియు దొర్లుట అను అర్థముగల ధాతువు ద్విరుక్తియే. ఇక్కడ ముందు చెప్పిన పాఠమును మరువరాదు. గల్గల్ అనునది మన మూలపదమునకు వినికిడిలో దగ్గర. కాని రెండింటి హల్లులను కలుపు నియమము లేదు. తిరుగు వస్తువును చూచి మనుష్యులు మాటను తిప్పి పలుకుట ఎక్కడనైనను సంభవము.

చక్రము ఒంటరిగా రాలేదు. బండి భాగములు పెక్కు దానివెంట వచ్చినవి. సంస్కృతమున అక్షము, లాటినున ఆక్సిస్, ఇంగ్లీషున యాక్సిల్. మోటారు మరమ్మతు చేయువారి నోట నేడు యాక్సిల్ అని వినబడుచున్నది. మన రైతు దానిని ఇరుసు అనును. చక్రము నడిమి కుండకు సంస్కృతమున నాభి, ఇంగ్లీషున 'నేవ్'. సంస్కృతమున యుగము, లాటినున యుగుమ్, ఇంగ్లీషున యోక్. మన రైతు మాట కాడి. యుగమనగా మనకు నేడు కృతత్రేతాదులే తోచును గాని దాని మొదటి అర్థము ఎద్దుల మెడమీది కాడియే. యుగళము అనగా జంట అను మాటలో ఆ అర్థము మిగిలినది. లాటినున 'రోత' అనగా చక్రము. దానికి సరియైన సంస్కృత శబ్దము రథము. ఇంగ్లీషులోని రోటరీ మొదలగు మాటలు ఆ లాటిను మాటనుండి వచ్చినవే.

ఇన్ని మాటలు కలిసివచ్చుటవలన ఒక పెద్ద ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. ఆ మూలభాషను మాట్లాడిన జనులు ఏ కాలమువారు? వస్తువు లేనిదే దానికి పేరుండదు. పోలెండులోని బ్రోనోచిత్సె అనుచోట 1970 తరువాత జరిగిన త్రవ్వకములలో నాలుగు చక్రముల బండి బొమ్మ గీచిన మట్టిపాత్ర దొరకినది. అది క్రీస్తుపూర్వము 3500 ప్రాంతమునాటిది. 2002లో స్లొవీనియా దేశమున లుబ్లియానా చిత్తడినేలలో ఇరుసుతో కూడ దొరకిన కొయ్యచక్రము దాదాపు 5,150 ఏండ్లనాటిది. చక్రము వాడుకలోనికి వచ్చినది ఆ కాలముననే యైనచో, చక్రమునకు ఒకే పేరు పెట్టుకొన్న జనులు అంతకు చాల పూర్వమే విడిపోయి దూరదేశములకు చెదరియుండరాదు. 2007లో ప్రకటించిన గ్రంథమున డేవిడ్ ఆంథొనీ ఈ వాదమును విపులముగ నిలిపెను. వ్యవసాయము వ్యాపించిన కాలముననే, అనగా ఇంకను కొన్ని వేల యేండ్లకు పూర్వమే, ఈ భాషలు చెదరినవని 1987లో కాలిన్ రెన్‌ఫ్రూ ప్రతిపాదించిన మతమునకు ఈ చక్రమే పెద్ద అడ్డంకి.

ప్రతిపక్షమువారి మాటయు చెప్పవలెను. తిరుగు అను ధాతువు అందరికిని ఉన్నది గనుక, విడిపోయిన పిదప ఎవరికి వారే చక్రమునకు ఆ పేరు పెట్టుకొని యుండరాదా యని వారందురు. ఒక శాఖలో నిజముగ వేరుమాట కలదు. 1915లో హ్రోజ్ని అను పండితుడు గుట్టు విప్పిన హిట్టైటు భాషలో చక్రము 'హుర్కి'. కాడికి మాత్రము 'యుకన్' అని మన యుగశబ్దమునకు సరియైన మాటయే ఉన్నది. కావున హిట్టైటువారు చక్రమునకు ఈ పేరు స్థిరపడకమునుపే విడిపోయిరని పెక్కుమంది తలచుచున్నారు. తక్కిన శాఖల విషయమున ఆ ఆక్షేపము నిలుచుట కష్టము. ధాతువును ద్విరుక్తి చేసి, రెండవసారి దాని నడిమి అచ్చును తొలగించి, చివర ఒకే ప్రత్యయము చేర్చుట అరుదైన కూర్పు. ఇంగ్లండున ఒకరు, గ్రీసున ఒకరు, సింధుతీరమున ఒకరు వేరువేరుగ కూర్చుండి ఒకే వింత కూర్పును చేసిరనుట నమ్మదగదు. మధ్యాసియా ఎడారులలో దొరకిన వ్రాతప్రతులనుబట్టి 1908లో గుర్తింపబడిన తొఖారియను భాషలోను బండికి 'కొకలె' అను పేరే కనబడినది. దూరపు సాక్షి కూడ ఆ మాటయే చెప్పెను.

తుదకు మన తెలుగు మాట. ఈ వంశవృక్షమున తెలుగునకు చోటు లేదు. చక్రమును సంస్కృతమునుండి, చరఖాను హిందూస్థానీనుండి, సైకిలును ఇంగ్లీషునుండి మనము ఎరువు తెచ్చుకొంటిమి. మన భాషలోనికి సంస్కృతపదములు వేలకొలది వచ్చినను, భాషకు ఎముకలవంటివగు సర్వనామములు, సంఖ్యావాచకములు, క్రియారూపములు సొంతవి. ఈ సంగతిని మొదట శాస్త్రీయముగ నిరూపించినది మదరాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు. 1816లో మదరాసున అచ్చుపడిన క్యాంబెలుదొర తెలుగు వ్యాకరణమునకు ఆయన వ్రాసిన పీఠికలో తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబమునకు చెందినవని, అవి సంస్కృతజన్యములు కావని చూపెను. అందులకు ఆయన ఆధారముగ గొన్నవానిలో బందరు వర్తకుడగు మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక ఒకటి. తత్సమము, తద్భవము, దేశ్యము అని మన పెద్దలు చేసిన విభాగమే ఎరువును వారసత్వమును వేరుచేయుటకు ఆయనకు దారి చూపినది. గ్రిమ్ము నియమము అచ్చుపడుటకు అది ఆరేండ్లు ముందు.

కావున ఈసారి ఎవరైన ఒక ఇంగ్లీషు మాటను చూపి, ఇది మనదే, వినుడు, ఎట్లు కలిసినదో యనినచో, శ్రోతలు ఒక్క ప్రశ్న వేయుడని కోరుచున్నాము. కలిసినది ఆ ఒక్క మాటయేనా? ఆ అక్షరమునకు ఆ అక్షరము మరి పది మాటలలోను ఇట్లే సరిపోవుచున్నదా? సరిపోయినచో అది చుట్టరికము. సరిపోనిచో ఏథెన్సులోని నెరోవంటిది. ఆ పోలికనుబట్టి వంశవృక్షమున కొమ్మ గీయరాదు.